చిన్నప్పుడు తిన్న అంగన్‌వాడీ ఉప్మా పెద్దయ్యాక కూడా పని చేస్తుందా? హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో దశాబ్దాల స్టడీ.. తేలిందేంటంటే!

షుగర్ ఎందుకొచ్చింది? మా ఇంట్లో ఎవరికీ లేదే! నిన్నటి దాకా బాగానే తిరిగిన మనిషికి నలభై ఏళ్లకే గుండెపోటు ఏంటి? ఈ మాటలు వినిపించని ఇల్లు ఇప్పుడు తక్కువే. ల్యాబ్ రిపోర్ట్ చూస్తే ఈ రోజు షుగర్ ఎంతుందో తెలుస్తుంది. అది ఎప్పుడు మొదలైంది, దేని వల్ల మొదలైంది అన్నది మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఆ జవాబు కావాలంటే వేల మందిని జబ్బు రాకముందు నుంచే గమనించాలి. అదీ ఒకటి రెండు నెలలు కాదు.. ఏళ్ల తరబడి! అలాంటి పని మన హైదరాబాద్ పక్కనే 29 పల్లెల్లో జరిగిందని చాలామందికి తెలియదు. అది మొదలైంది ఒక గిన్నెడు ఉప్మాతో.

1987లో ఏం జరిగింది?

అప్పటికి ఐసీడీఎస్, అంటే మనందరికీ తెలిసిన అంగన్‌వాడీ పథకం, దేశమంతా ఒకేసారి రాలేదు. బ్లాకుల వారీగా ఒక్కో ప్రాంతానికి విస్తరిస్తూ వచ్చింది. దాంతో హైదరాబాద్ దగ్గర్లో కొన్ని పల్లెలకు పథకం ముందే అందింది. పక్కనే ఉన్న మరికొన్ని పల్లెలకు ఇంకా రాలేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, ఈ తేడాను గమనించింది. ఎవరి తిండీ ఆపకుండానే పోల్చి చూసే అవకాశం దొరికింది. పథకం వచ్చిన 15 పల్లెలు ఒకవైపు, ఇంకా రాని 14 పల్లెలు మరోవైపు తీసుకున్నారు. 1987 నుంచి 1990 వరకు ఈ పరిశీలన సాగింది.

మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో ఉప్మా వండి పెట్టేవాళ్లు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకు సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ అందేలా చూశారు. ఆరేళ్ల లోపు పిల్లలకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్. దీని వల్ల పుట్టే బిడ్డల బరువు పెరుగుతుందా? అప్పట్లో ప్రధానంగా చూడాలనుకున్నది అదే. లెక్కలు తీశారు, పని అయిపోయింది. ఫైళ్లు పక్కన పెట్టేశారు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

15 ఏళ్ల తర్వాత మళ్లీ అదే ఊళ్లకు..

2003లో పరిశోధకులు మళ్లీ ఆ పల్లెలకు వెళ్లారు. ఈసారి ఎన్ఐఎన్‌తో పాటు బ్రిటన్ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు ఎక్కడున్నారో వెతికారు. 2003-05 మధ్య 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 1,165 మందికి పరీక్షలు చేశారు. ఎత్తు, బరువు, బీపీ, రక్తంలో షుగర్, ఇన్సులిన్, కొలెస్ట్రాల్, రక్తనాళాలు ఎంత బిగుసుకున్నాయి.. ఇలా అన్నీ చూశారు.

సంజయ్ కిన్రా నేతృత్వంలోని టీమ్ 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ ఫలితాలను ప్రచురించింది. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. అంటే దాదాపు సెంటీమీటరున్నర. ఇదొక్కటే అయితే పెద్ద విశేషం కాదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ స్కోరు ఆ పిల్లల్లో 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిగుతును చూపే కొలత కూడా 3.3 శాతం తక్కువ.

ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా దాని మాట శరీరం సరిగ్గా వినకపోవడం. షుగర్ వ్యాధికి చాలామందిలో ఇదే తొలి మెట్టు. అంటే షుగర్ రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, పదో తరగతి వయసులోనే రెండు రకాల పల్లెల మధ్య తేడా కనిపించింది. ఆ పిల్లల్లో ఎవరికీ తాము తల్లి కడుపులో ఉన్నప్పుడు అమ్మ ఏం తిన్నదో గుర్తుండే అవకాశం లేదు. వాళ్ల ఒంట్లో మాత్రం ఆ ఆనవాలు మిగిలింది.

అయితే అన్నింట్లోనూ తేడా రాలేదు. బీపీలో, కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒంట్లో కొవ్వు, కండ పాళ్లు కూడా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఈ విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ కోహోర్ట్ స్టడీ అంటే?

ఇలా ఒక గుంపును ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట ఉండి చూసే పరిశోధనను కోహోర్ట్ స్టడీ అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే.. ఒక టీవీ సీరియల్‌లో 300వ ఎపిసోడ్ ఒక్కటే చూస్తే అత్తాకోడళ్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదో అర్థం కాదు. మొదటి ఎపిసోడ్ నుంచి చూసిన వాళ్లకే తెలుస్తుంది. మామూలు సర్వే అంటే ఆ ఒక్క ఎపిసోడ్. కోహోర్ట్ అంటే మొత్తం సీరియల్.

గుండెపోటు వచ్చిన మనిషిని పట్టుకుని ఇరవై ఏళ్ల కిందట ఏం తిన్నావు అని అడిగితే ఏం చెబుతాడు? సరిగ్గా గుర్తుండదు. పైగా జబ్బు వచ్చాక ఏ తప్పు వల్ల వచ్చిందో అన్న ఆలోచనతో జ్ఞాపకం కూడా మారిపోతుంది. అందుకే జబ్బు లేనప్పుడే వివరాలు రాసుకోవాలి, రక్తం తీసి దాచాలి, తర్వాత ఎవరికి ఏమైందో చూడాలి.

ఈ పద్ధతికి ప్రపంచంలో బాగా పేరు తెచ్చిన ఊరు అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఈ పట్టణంలో 1948లో 5,209 మంది ఆడ, మగవాళ్లతో స్టడీ మొదలైంది. వయసు పెరిగితే బీపీ పెరగడం మామూలే అని చాలామంది డాక్టర్లు అనుకునే కాలమది. హై బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్.. ఇవే గుండె జబ్బుకు దారి తీస్తున్నాయని ఆ పట్టణవాసుల లెక్కలు బయటపెట్టాయి. ఇవాళ మీ ఊరి హెల్త్ క్యాంప్‌లో కూడా ముందు బీపీ చూస్తున్నారంటే దాని వెనుక ఫ్రామింగ్‌హామ్ జనం ఉన్నారు. 1971లో వాళ్ల పిల్లలు, 2002లో మనవళ్ల తరం కూడా ఆ స్టడీలో చేరారు.

పిల్లల నుంచి అమ్మానాన్నల వరకు..

మన పల్లెల స్టడీ కూడా అలాగే పెరిగింది. 2009 నుంచి 2012 మధ్య మళ్లీ వెళ్లినప్పుడు ఆ పిల్లలు ఇరవై దాటినవాళ్లు అయ్యారు. ఈసారి వాళ్ల అమ్మానాన్నలను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా కలిపారు. మొత్తం 6,944 మంది అయ్యారు. దానికి ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని పేరు. రాష్ట్రం విడిపోయి ఆ ఊళ్లు తెలంగాణలోకి వచ్చినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కుటుంబం మొత్తాన్ని చూడటం వల్ల లాభమేంటంటే.. ఏది రక్తంలో వచ్చింది, ఏది ఒకే ఇంట్లో ఉండటం వల్ల వచ్చింది అన్నది విడదీయొచ్చు. తండ్రి ఎత్తు, తల్లి బరువు, అన్నదమ్ముల బీపీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎముక, కండ, కొవ్వు ఎంతెంత ఉన్నాయో స్కాన్ తీశారు. చేతి పట్టు బలం కొలిచారు. ఊపిరితిత్తుల పనితీరు చూశారు.

ఈ ఊళ్లు కూడా మారిపోతూ వచ్చాయి. సిటీ పెరిగే కొద్దీ కొన్ని పల్లెలు పట్టణాల్లా అయ్యాయి, కొన్ని పల్లెలుగానే ఉన్నాయి. ఏ ఊరు ఎంత పట్టణంలా మారిందో తెలుసుకోవడానికి రాత్రిపూట శాటిలైట్‌కు కనిపించే వెలుగును కూడా లెక్కలోకి తీసుకున్నారు. పొలాలు పోయి ప్లాట్లు వచ్చిన చోట జనం నడక, తిండి, బరువు ఎలా మారుతున్నాయో చూడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

తర్వాత గాలి వంతు వచ్చింది. పల్లె గాలి స్వచ్ఛంగా ఉంటుందని మనకో నమ్మకం. బార్సిలోనాకు చెందిన పరిశోధకులతో కలిసి ఈ పల్లెల్లో 3,372 మంది మీద చేసిన పరిశీలనలో వేరే మాట తేలింది. అక్కడి జనం పీల్చే సన్నటి ధూళి, అదే పీఎం 2.5, ఏడాది సగటు 32.7 మైక్రోగ్రాములు. అప్పట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 10 మాత్రమే! ధూళి ఎక్కువగా ఉన్న చోట మెడలోని రక్తనాళం గోడ మందంగా ఉండే ధోరణి కనిపించింది. ఇది మగవాళ్లలో ఎక్కువ స్పష్టంగా ఉంది. రక్తనాళం గోడ మందమవడం అంటే గుండెపోటు, పక్షవాతం వైపు వేసే అడుగుల్లో ఒకటి. ఆడవాళ్ల విషయంలో కట్టెల పొయ్యి పొగ పాత్ర కూడా బయటపడింది.

ఉప్మాకు, చదువుకు సంబంధం ఉందా?

ఈ స్టడీలో ఆలోచింపజేసే మరో ఫలితం 2018లో బయటికొచ్చింది. ఈసారి చూసింది రక్తం కాదు.. చదువు, ఉద్యోగం, పెళ్లి! పథకం ముందే అందిన పల్లెల్లో పుట్టినవాళ్లు 20 నుంచి 25 ఏళ్ల వయసుకు వచ్చేసరికి సగటున ఎక్కువ తరగతులు చదివారు. ఉద్యోగంలోనో, పై చదువులోనో ఉన్నవాళ్ల శాతం కూడా ఎక్కువే. ఆ వయసుకే పెళ్లైపోయిన వాళ్లు తక్కువ.

మరి కండబలం సంగతేంటి? ఇరవై దాటాక చూస్తే కండ పరిమాణంలో, చేతి పట్టులో రెండు వైపుల పల్లెల మధ్య తేడా కనిపించలేదు. చిన్నప్పటి తిండి ఒకచోట ఆనవాలు వదిలింది, మరోచోట వదల్లేదు. ఒక్కసారి చూసి వదిలేస్తే ఈ రెండు విషయాలూ తెలిసేవి కావు. ఒకే మనుషులను మళ్లీ మళ్లీ చూడటంలో ఉన్న విలువ ఇదే.

డీఎన్ఏ, ప్రొటీన్లు, స్కాన్లు.. అన్నీ ఎందుకు కలుపుతున్నారు?

ఫ్రామింగ్‌హామ్ రోజుల్లో బీపీ మిషన్, స్టెతస్కోప్, కొన్ని రక్తపరీక్షలే ఉండేవి. ఇప్పుడు ఒక్క గొట్టం రక్తంలోంచి తీసే సమాచారం లెక్కలేనంత. అందులో ఒక్కోటి ఒక్కో విషయం చెబుతుంది.

డీఎన్ఏ పుట్టుకతో వచ్చేది. అది మనం తిన్నదాన్ని బట్టి, తాగినదాన్ని బట్టి మారదు. రక్తంలోని ప్రొటీన్లు అలా కాదు. ఈ మధ్య ఒంట్లో ఏం జరుగుతోందో వాటిని చూస్తే తెలుస్తుంది. స్కాన్ చూస్తే గుండె, మెదడు, కాలేయం ఏ స్థితిలో ఉన్నాయో కనబడుతుంది. హాస్పిటల్ రికార్డు చూస్తే చివరికి ఏ జబ్బు వచ్చిందో తెలుస్తుంది. వీటన్నిటినీ ఒకే మనిషి పేరు మీద, అంటే ఒకే కోడ్ నంబర్ కింద కలిపితేనే కథ పూర్తవుతుంది.

దీన్ని భారీగా చేసి చూపించింది బ్రిటన్. యూకే బయోబ్యాంక్ పేరుతో 2006 నుంచి 2010 మధ్య 40 నుంచి 69 ఏళ్ల వయసున్న 5 లక్షల మందిని చేర్చుకున్నారు. వాళ్ల రక్తం, మూత్రం శాంపిళ్లు ఫ్రీజర్లలో ఉన్నాయి. దాదాపు 5 లక్షల మంది పూర్తి జీనోమ్ వివరాలు 2023లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. 2025 నాటికి లక్ష మందికి మెదడు, గుండె, ఎముకల స్కాన్లు పూర్తయ్యాయి.

దీని వల్ల ఏం తెలిసింది? ఒక ఉదాహరణ చూద్దాం. అందులో 52,645 మంది రక్తంలోని ప్రొటీన్లను చైనా పరిశోధకులు విశ్లేషించారు. రక్తం ఇచ్చినప్పుడు వాళ్లలో ఎవరికీ మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా లేదు. ఆ తర్వాతి ఏళ్లలో 1,417 మందికి వచ్చింది. వెనక్కి వెళ్లి ఫ్రీజర్‌లో దాచిన పాత రక్తాన్ని చూస్తే, జీఎఫ్ఏపీ లాంటి కొన్ని ప్రొటీన్లు జబ్బు బయటపడటానికి పదేళ్ల ముందు నుంచే పెరిగి ఉన్నాయని 2024లో వెల్లడించారు. రక్తాన్ని ముందే దాచి ఉండకపోతే ఈ సంగతి తెలిసే దారే లేదు.

మంచి కొలెస్ట్రాల్ నేర్పిన పాఠం

రెండు విషయాలు కలిసి కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అనుకోవడం మన అలవాటు. సైంటిస్టులు కూడా ఇందులో దెబ్బతిన్నారు.

మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే హెచ్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లకు గుండె జబ్బులు తక్కువని ఫ్రామింగ్‌హామ్‌లో తేలింది. అయితే మందులతో హెచ్‌డీఎల్ పెంచేస్తే సరి అనుకున్నారు. అలా వచ్చిన టోర్సెట్రాపిబ్ అనే మందు ప్రయోగంలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆపేయాల్సి వచ్చింది. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ను పెంచే జన్యుమార్పు ఉన్నవాళ్లను తర్వాత పరిశీలించారు. వాళ్లకు గుండెపోటు ముప్పు తగ్గలేదని 2012లో తేలింది. అంటే హెచ్‌డీఎల్ ఎక్కువ ఉండటం ఒక గుర్తు మాత్రమే. దాన్ని పెంచినంత మాత్రాన కాపాడుతుందన్న గ్యారంటీ లేదు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో జరిగిన కథ కూడా ఉంది. హైదరాబాద్ పల్లెల్లో ఉప్మా స్టడీ మొదలైన అదే 1987లో అమెరికాలోని నాలుగు ప్రాంతాల్లో ఆరిక్ అనే కోహోర్ట్ మొదలైంది. అందులో నల్లజాతి వాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో 2.6 శాతం మందికి పీసీఎస్‌కే9 అనే జన్యువు పని చేయడం లేదని తేలింది. పని చేయకపోవడమే వాళ్లకు మేలైంది! చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ. 15 ఏళ్లలో గుండె జబ్బు ముప్పు 88 శాతం తక్కువ. ఈ ఫలితం 2006లో వచ్చింది. ఆ జన్యువు తయారు చేసే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లకు 2015లో అనుమతి దొరికింది. ఇప్పుడవి భారత్‌లోనూ వాడుకలో ఉన్నాయి.

గమనించారా? ఆ జన్యుమార్పు తెల్లజాతి వాళ్లలో అరుదు. నల్లజాతి వాళ్లను స్టడీలో చేర్చుకున్నారు కాబట్టే అంత స్పష్టంగా కనిపించింది. ఎవరిని లెక్కలోకి తీసుకుంటే వాళ్ల ఒంట్లో ఉన్న రహస్యమే బయటికొస్తుంది.

మరి మన రక్తం సంగతేంటి?

అసలు సమస్య ఇక్కడే. యూకే బయోబ్యాంక్‌లో సుమారు 94 శాతం మంది శ్వేతజాతీయులే. అక్కడ తయారైన లెక్కలు మనకు అచ్చుగుద్దినట్టు సరిపోవు.

పుణె దగ్గరి ఆరు పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ టీమ్ 1993లో మొదలుపెట్టిన స్టడీ దీన్ని చక్కగా చూపించింది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలు సన్నగా పుడుతున్నారు కదా, కొవ్వు కూడా తక్కువే ఉంటుంది అనుకుంటాం. కానీ కండ, పొట్ట భాగంలోని అవయవాలు చిన్నగా ఉన్నా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా కనిపించే మనిషికి కూడా షుగర్ ఎందుకొస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలా ఉపయోగపడింది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. తరతరాలుగా తమలో తామే సంబంధాలు కలుపుకున్న సమూహాల్లో కొన్ని జన్యుమార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. వైశ్య సమాజంలో కొందరికి బీసీహెచ్ఈ అనే జన్యువులో మార్పు వల్ల ఆపరేషన్ సమయంలో ఇచ్చే ఒక రకం కండరాల మందు త్వరగా విరగదు. మందు ప్రభావం ఎక్కువసేపు ఉండి, ఊపిరి సొంతంగా అందడానికి ఆలస్యమవుతుంది. ఇది ఏ ఒక్క కులానికో ఉన్న లోపం కాదు. ప్రతి సమూహానికీ దాని సొంత జన్యుచరిత్ర ఉంటుంది. విషయం ముందే తెలిస్తే అనస్థీషియా డాక్టర్ వేరే మందు వాడతారు, అంతే. తెలియకపోతేనే ముప్పు.

అందుకే మన దేశంలో కూడా పని మొదలైంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 83 జన సమూహాలకు చెందిన సుమారు 10 వేల మంది జీనోమ్‌లు చదివారు. ఆ డేటాను 2025 జనవరి 9న విడుదల చేశారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఇందులో కీలక భాగస్వామి. అయితే ఇది కోహోర్ట్ కాదు, ఒకసారి తీసిన ఫొటో లాంటిది. మనుషుల వెంట ఏళ్ల తరబడి నడవాలన్న లక్ష్యంతో సీఎస్ఐఆర్ 2023 డిసెంబర్‌లో ఫినోమ్ ఇండియా పేరుతో మరో ప్రాజెక్టు మొదలుపెట్టింది. సీఎస్ఐఆర్ ఉద్యోగులు, పెన్షనర్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి దాదాపు 10 వేల మంది ఇందులో శాంపిళ్లు ఇచ్చారు. తిండి, అలవాట్లు, స్కాన్లు, రక్తపరీక్షలు, జన్యువులు.. అన్నీ కలిపి చూడటమే దీని ఉద్దేశం.

ఇందులోనూ ఒక పరిమితి ఉంది. ఉద్యోగం, పెన్షన్ ఉన్నవాళ్ల జీవితం వేరు, కూలి పనికి వెళ్లేవాళ్ల జీవితం వేరు. అందుకే ల్యాబ్ ఉద్యోగుల కోహోర్ట్ ఎంత అవసరమో, ఆ 29 పల్లెల లాంటి కోహోర్ట్ కూడా అంతే అవసరం.

ఈ స్టడీలు చెప్పలేనివి కూడా ఉన్నాయి

సగటు అనేది గుంపుకు సంబంధించినది. 20 శాతం తక్కువ అన్నారు కదా, మా అబ్బాయికి షుగర్ రాదన్నమాట అనుకోకూడదు. ఏ ఒక్క మనిషి భవిష్యత్తునూ అది చెప్పదు.

రెండోది, మనుషులు తప్పిపోతారు. ఆడపిల్లలు పెళ్లై వేరే ఊరు వెళ్తారు. మగపిల్లలు పని కోసం సిటీకి వెళ్తారు. దొరికిన వాళ్లూ దొరకని వాళ్లూ ఒకేలా ఉన్నారో లేదో చూడకపోతే లెక్క తప్పుతుంది.

మూడోది, ఉప్మా అందిన పల్లెలకూ అందని పల్లెలకూ మధ్య వేరే తేడాలు కూడా ఉండొచ్చు. అక్కడ ఏ ఇంటికి తిండి ఇవ్వాలో లాటరీ తీసి నిర్ణయించలేదు. పథకం ఏ బ్లాకుకు ముందు వచ్చిందన్న దాన్ని బట్టి ఊళ్లు విడిపోయాయి. ఆస్తి, చదువు లాంటివి లెక్కలో సరిచేసినా పూర్తి గ్యారంటీ ఉండదు. అందుకే పరిశోధకులు కూడా సంబంధం కనిపించింది అంటారు తప్ప ఇదే కారణం అని బల్లగుద్ది చెప్పరు.

ఇక మార్కెట్లో జీన్ టెస్టు చేయించుకోండి, మీ జబ్బులన్నీ ముందే చెప్పేస్తాం అనే యాడ్స్ చూసే ఉంటారు. విదేశీ జనం మీద తయారైన స్కోరు మన మీద అంతే కచ్చితంగా పని చేయదు. డాక్టర్‌ను అడగకుండా అలాంటి రిపోర్ట్ చూసి భయపడటం, ధీమా పడటం రెండూ తప్పే.

మీ ఇంటికి స్టడీ టీమ్ వస్తే ఏం అడగాలి?

మన దేశంలో ఇలాంటి పరిశోధనలకు ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. మీ అంగీకారం లేకుండా రక్తం చుక్క కూడా తీసుకోకూడదు. అందుకే సంతకం పెట్టే ముందు ఇవి అడగండి:

- ఈ స్టడీని ఏ సంస్థ చేస్తోంది? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా?
- అంగీకార పత్రం తెలుగులో ఉందా? చదవడం రాకపోతే చదివి వినిపిస్తారా?
- రక్తం శాంపిల్‌ను ఎన్నేళ్లు దాచుతారు? జన్యుపరీక్షలు కూడా చేస్తారా?
- పేరు తీసేసి కోడ్ నంబర్‌తోనే డేటా ఉంచుతారా? ఆ డేటాను ఇంకెవరికి ఇస్తారు?
- పరీక్షల్లో ఏదైనా జబ్బు బయటపడితే ఎవరు చెబుతారు, ఎక్కడికి పంపుతారు?
- మధ్యలో ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చా?

చివరి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అవును అనే ఉండాలి. తప్పుకున్నంత మాత్రాన మీకు అందాల్సిన వైద్యం ఆగకూడదు. డబ్బు ఆశ చూపినా, ఒత్తిడి చేసినా వద్దనే హక్కు మీకుంది.

సరే, ఇందులో చేరితే మనకేంటి లాభం? నిజం చెప్పాలంటే వెంటనే దక్కేది తక్కువే. ఒక హెల్త్ చెకప్, కొన్ని రిపోర్టులు. అసలు లాభం మన పిల్లల తరానిది. ఫ్రామింగ్‌హామ్‌లో 1948లో చేయి చాచి బీపీ చూపించుకున్న వాళ్లలో చాలామంది ఆ ఫలితాన్ని పూర్తిగా అనుభవించలేదు. దాన్ని ఇప్పుడు ప్రపంచమంతా అనుభవిస్తోంది.

ఆ పిల్లలు ఇప్పుడు..

1987 నుంచి 1990 మధ్య ఆ పల్లెల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు 35 దాటారు. షుగర్, బీపీ మొదలయ్యే వయసు ఇదే. పదో తరగతి వయసులో కనిపించిన ఆ 20 శాతం తేడా నిజంగా జబ్బును ఆపుతుందా, కొన్నేళ్లు వెనక్కి నెడుతుందా, లేక సిటీ జీవితంలో కలిసి మాయమైపోతుందా? దానికి జవాబు రాబోయే ఏళ్లలో వాళ్ల రక్తపరీక్షల్లోనే దొరకాలి.

అప్పటి వరకు తెలిసిన విషయం ఒకటుంది. కడుపుతో ఉన్న తల్లికి పెట్టే ఒక గిన్నె తిండి లెక్క ఆ రోజుతో ముగిసిపోదు. ఈ రోజు మీ వీధి చివర అంగన్‌వాడీలో గుడ్డు తింటున్న పిల్లల లెక్క కూడా తేలేది మరో పాతికేళ్ల తర్వాతే. ఆ గుడ్డు రోజూ అందుతోందా లేదా అన్నది మాత్రం ఈ రోజే వెళ్లి చూడొచ్చు.